చదివి వినిపించారా?

(జిల్లా రైతు సంఘం రెండు రోజుల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న మద్దతు ధర గురించి, కౌలు రైతుల గుర్తింపు గురించి విన్నాం. ఇవాళ నాకు అప్పజెప్పిన అంశం 'పోలీసులు, కోర్టులు, రైతులు'. నేను వకీలును కాను. పదో తరగతి చదివి వ్యవసాయంలోకి వచ్చినవాణ్ణి. అయితే సంఘం పని మీద మనవాళ్ల వెంట ఠాణాలకు, తహసీల్దారు ఆఫీసుకు, కోర్టుకు ఏళ్ల తరబడి తిరిగాక ఒక సంగతి నాకు గట్టిగా అర్థమైంది. మన కేసులు చాలా వరకు జడ్జి ముందు ఓడిపోవు. అంతకంటే చాలా ముందు, ఠాణాలో రైటర్ రాసిన మొదటి కాగితం మీదే ఓడిపోతాయి. అందుకని ఇవాళ సెక్షన్ల కంటే ఎక్కువగా ఆ కాగితం మీద ఉండే భాష గురించే మాట్లాడతాను.

ఫిర్యాదైనా, పంచనామా అయినా, ఏ కాగితం తీసుకున్నా చివర్లో ఒక వాక్యం ఉంటుంది. "చదివి వినిపించగా విని, సరియైనదని ఒప్పుకొని సంతకం చేయడమైనది." చదువురాని వారికైతే "వేలిముద్ర వేయడమైనది". మన జీవితాలను తారుమారు చేసే వాక్యాల్లో ఇంతకు మించింది లేదు. చదివింది ఎవరు? విన్నది ఎవరు? ఒప్పుకున్నది ఎవరు? చాలాసార్లు జరిగేది ఒక్కటే. "ఇక్కడ పెట్టు" అని వేలు చూపిస్తారు, మనం సంతకం పెడతాం. కానీ రేపు కోర్టులో ఆ వాక్యమే మన మెడకు చుట్టుకుంటుంది. "చదివి వినిపిస్తేనే కదయ్యా సంతకం పెట్టింది?" అని అడిగితే మన దగ్గర జవాబు ఉండదు.

ఆ వాక్యం ఎవరో దయతో రాసింది కాదు. చట్టమే రాయమంది. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. దాంట్లో 173వ సెక్షన్ ఉంది. పాత లెక్కలో 154. నేరం గురించి నోటితో చెప్పినా సరే, ఠాణా అధికారి దాన్ని రాయించాలి, చెప్పినవారికి చదివి వినిపించాలి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. మన సంతకం విలువంతా ఆ చదివి వినిపించడంలోనే ఉంది. అది జరగకుండా పెట్టిన సంతకం ఖాళీ కాగితం మీద పెట్టినదాంతో సమానం.

ముద్దయిగా పోయి ముద్దాయిగా రావడం

కోర్టు భాష ఏనాడూ సాగు చేసుకునేవాడి భాష కాలేదు. నిజాం రాజ్యంలో మొదట పారసీ, తర్వాత ఉర్దూ. మదరాసు వైపు ఇంగ్లీషు. రాజులు పోయారు గానీ మాటలు పోలేదు. జప్తు, జామీను, వకీలు, దస్తావేజు, పంచనామా, వాయిదా, హాజరు అన్నీ అటు నుంచి వచ్చినవే. వాడి వాడి అవి మన మాటలే అయ్యాయి. దాంతో నాకు పేచీ లేదు. వాటి అర్థం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు పేచీ.

'ముద్దాయి' మాటనే తీసుకోండి. ఉర్దూలో 'ముద్దయి' అంటే దావా వేసినవాడు, ఫిర్యాదు చేసినవాడు. మన తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడు. ఒకే మాట, ఊరు దాటేసరికి తలకిందులైంది. మన రైతు గతి కూడా ఇట్లనే ఉంది. విత్తనం మొలవలేదని ఫిర్యాదు చేయడానికి ముద్దయిగా పోతాడు. దుకాణం ముందు గొడవ చేశాడని ముద్దాయిగా ఇంటికొస్తాడు.

అట్లాగే ఠాణా తెలుగు ఒకటుంది. 'సదరు', 'అట్టి', 'ఇందుమూలముగా', 'యుండి', 'గలదు'. మనం "పొద్దుగూకినంక బర్రెలు తోలుకొని వస్తుంటే" అని చెబుతాం. కాగితం మీద "సుమారు 18.30 గంటల సమయమున" అని పడుతుంది. బాగానే ఉందనుకుంటాం. రెండేళ్ల తర్వాత కోర్టులో అవతలి వకీలు అడుగుతాడు: "18.30 అంటే సాయంత్రం ఆరున్నర. ఎండకాలంలో ఆరున్నరకు వెలుతురు ఉంటుంది కదా? మరి చీకట్లో ముఖం సరిగ్గా కనబడలేదని ఎట్ల చెబుతున్నావు?" ఆరున్నర అని మనం అనలేదు. మన పొద్దును గడియారంలోకి మార్చింది రైటర్. అబద్ధం చెప్పినవాడిగా నిలబడేది మాత్రం మనం. అందుకే టైము, దూరం, దిక్కు, సర్వే నంబరు, గట్టు ఎవరిది అనే ఐదు సంగతులు కాగితంలో ఎట్ల పడ్డాయో మొదట చూసుకోవాలి. టైము తెలియకపోతే "పొద్దుగూకినంక" అనే రాయమని అడగాలి. అట్ల రాస్తే తప్పని ఏ చట్టంలోనూ లేదు.

కడుపునొప్పి అనే మాట

ఇప్పుడు చెప్పేది మనసు కష్టపెట్టే సంగతి. అయినా చెప్పాలి. అప్పుల బాధతో రైతు పురుగుల మందు తాగి చనిపోతాడు. ఇంట్లో అందరూ ఏడుస్తూ ఉంటారు. శవాన్ని పోస్టుమార్టానికి పంపాలంటే ఫిర్యాదు కావాలి. అప్పుడు ఊళ్లో ఎవరో ఒక పెద్దమనిషి కాగితం తీసుకొని రాస్తాడు: "నా భర్త గత కొంతకాలంగా కడుపునొప్పితో బాధపడుతూ, అట్టి నొప్పి భరించలేక, జీవితంపై విరక్తి చెంది పురుగుల మందు తాగి మరణించినాడు. అతని మరణంపై మాకు ఎవరి మీద అనుమానం లేదు." కింద భార్య వేలిముద్ర.

ఎందుకు అట్ల రాస్తారు? అప్పు పేరు చెబితే అప్పిచ్చినవారి మీదికి పోతుందేమోనని ఒక భయం. ఊరి పరువని ఒకరు. తొందరగా శవం ఇస్తారని ఒకరు. పాత దరఖాస్తు నమూనా అట్లనే ఉంది కాబట్టి చేయి అలవాటుగా రాసేస్తుంది. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేకపోవచ్చు. కానీ ఆ ఒక్క మాట ఆ ఇంటిని ఎంత దెబ్బ తీస్తుందో చూడండి.

2004 జూన్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421 నంబరు జీవో ఇచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయల సాయం, అప్పుల పరిష్కారానికి 50 వేలు. తర్వాత తెలంగాణలో 2015లో అది 5 లక్షలు, అప్పులకు లక్ష, మొత్తం 6 లక్షలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 7 లక్షలు చేశారు. ఇది రావాలంటే ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకులు ఉన్న త్రిసభ్య కమిటీ విచారించి, ఇది వ్యవసాయ కారణాలతో జరిగిన ఆత్మహత్యే అని తేల్చాలి. కమిటీ మొదట ఏం చూస్తుంది? ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు. ఎఫ్‌ఐఆర్‌లో 'కడుపునొప్పి' ఉంటే మిగతా కాగితాలు ఎన్ని పెట్టినా ఆ మాట అడ్డం పడుతుంది. అందులోనూ కౌలు రైతయితే పట్టా పాసుపుస్తకం అతని పేరు మీద ఉండదు. అప్పు నోటు షావుకారు దగ్గర ఉంటుంది. అతను రైతని, అప్పులతో చనిపోయాడని చెప్పే మొట్టమొదటి కాగితం ఆ ఫిర్యాదే. అదే ఎదురు తిరిగితే ఇంకేం మిగులుతుంది?

కాబట్టి ఇలాంటి ఇంటికి సంఘం కార్యకర్త మొదటి గంటలోనే చేరాలి. లేనిది రాయించడానికి కాదు, ఉన్నది ఉన్నట్టు రాయించడానికి. ఎన్ని ఎకరాలు, సొంతం ఎంత, కౌలు ఎంత, ఏ పంట, ఏమైంది, బ్యాంకు అప్పు ఎంత, బయట అప్పు ఎంత, చివరి రోజుల్లో ఎవరు అడగడానికి వచ్చారు. భార్య నోటి నుంచి వచ్చిన మాటే రాయాలి, రాసి ఆమెకు చదివి వినిపించాలి. అట్లాగే శవ పంచనామాలో పంచుల అభిప్రాయం రాసే చోటు ఉంటుంది. పంచులుగా కూర్చునేది మన ఊరివాళ్లే. చావుకు కారణంగా వారు చెప్పిందే అక్కడ పడిందా లేదా అని చూసి సంతకం పెట్టాలి.

ఈ సందర్భంలోనే ఇంకొక జాగ్రత్త. కలెక్టరేట్‌కు ప్రజావాణికి పురుగుమందు డబ్బాతో పోయే రైతుల వార్తలు చూస్తున్నాం. ఆత్మహత్యాయత్నానికి పాత 309 సెక్షన్ ఉండేది. కొత్త భారతీయ న్యాయ సంహితలో అది లేదు. కానీ 226 అని ఒకటి పెట్టారు. ప్రభుత్వ ఉద్యోగిని తన విధి విషయంలో ఒత్తిడి చేయాలని, లేదా ఆపాలని ఆత్మహత్యకు ప్రయత్నిస్తే ఏడాది వరకు శిక్ష వేయొచ్చు. అంటే "దిక్కుతోచక తాగబోయాడు" అని రాస్తే ఒక రకం, "అధికారిని బెదిరించుటకు తాగబోయినాడు" అని రాస్తే ఇంకో రకం. మనిషి అదే, డబ్బా అదే. మాట మారితే నేరం. అంతకంటే ముందు, ఏ అన్నకైనా అట్లాంటి ఆలోచన వస్తే డబ్బా పట్టుకొని ఒక్కడే పోవద్దు. సంఘానికి రండి. కలిసి పోదాం.

ధర అడిగితే అక్రమ సమూహం

ఖమ్మం మిర్చి యార్డు ఎవరూ మరిచిపోలేదు. 2017లో మిర్చి ధర పడిపోయింది. ఏప్రిల్ 28న యార్డులో రైతుల కడుపు మండింది, ఆఫీసు ధ్వంసమైంది. పది మంది రైతులను అరెస్టు చేశారు. మే నెలలో వారిని బేడీలతో కోర్టుకు తెచ్చిన ఫొటో దేశమంతా చూసింది. ఆ తర్వాత ఇద్దరు పోలీసు అధికారులను సస్పెండ్ చేశారు. బేడీలు కళ్లకు కనబడ్డాయి కాబట్టి అందరికీ కోపం వచ్చింది. కానీ ధర్నా చేసిన ప్రతిసారీ మనకు మాటల బేడీలు పడుతున్నాయి. అవి కనబడవు కాబట్టి కోపం రాదు.

ఐదుగురు అంతకంటే ఎక్కువ మంది చట్టం నిషేధించిన ఉద్దేశంతో కూడితే 'అక్రమ సమూహం', కొత్త చట్టంలో 189. మక్కలు కొనమని రోడ్డు మీద కూర్చుంటే 'దారికి ఆటంకం', 285. ఆఫీసరు కారుకు అడ్డం నిలబడితే 'అక్రమంగా అడ్డగించడం', 126. తోపులాటలో ఎవరి చేయి ఎవరికి తగిలినా 'విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిపై బలప్రయోగం', 132. చివరిది అన్నిటికంటే బరువైంది, రెండేళ్ల వరకు శిక్ష ఉంటుంది. "వినతిపత్రం ఇవ్వడానికి ముందుకు వచ్చారు" అనే మాటకు, "ఒక్కసారిగా మీదికి దూసుకువచ్చి విధులకు ఆటంకం కలిగించినారు" అనే మాటకు మధ్య ఉన్న దూరం రెండేళ్ల జైలు.

దీనికి మందు ఏమిటి? మన తరఫు కాగితం కూడా అదే రోజు పుట్టాలి. ధర్నాకు ముందే ఎందుకు కూర్చుంటున్నామో, ఎక్కడ, ఎంతసేపో రాసి ఠాణాలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. వినతిపత్రం మీద ఆఫీసులో ముద్ర, తేదీ వేయించుకోవాలి. ధర్నాను మొదటి నుంచి చివరి దాకా ఒక పిల్లవాడు ఫోనులో వీడియో తీయాలి. రేపు కోర్టులో వారి మాటకు ఎదురుగా మన మాట నిలబడాలంటే అది కూడా ఆనాటి కాగితమే కావాలి.

మూడు రకాల కాగితాలు

సంతకాల విషయంలో మనవాళ్లకు చాలా గందరగోళం ఉంది. మూడు రకాలుగా గుర్తు పెట్టుకోండి.

మొదటిది ఫిర్యాదు. ఇది మన మాట. చదివి వినిపించాక సంతకం పెట్టాలి. తీసుకోకపోతే 173వ సెక్షన్ ప్రకారం జిల్లా ఎస్పీకి, కమిషనరేట్ ఉన్నచోట కమిషనర్‌కు పోస్టులో రాసి పంపొచ్చు. పోస్టు రసీదు దాచుకోవాలి. అప్పటికీ కాకపోతే మెజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు.

రెండోది సాక్షిగా పోలీసులకు చెప్పే వాంగ్మూలం. దర్యాప్తులో పోలీసులు రాసుకునే ఈ వాంగ్మూలం మీద చెప్పినవారి సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. కొత్త లెక్కలో 181వ సెక్షన్. కాబట్టి "సాక్షిగా చెప్పావు కదా, ఇక్కడ సంతకం పెట్టు" అంటే అది ఏ కాగితమో మర్యాదగా అడగండి. ఇంకొకటి, ఆడవారిని, 60 ఏళ్లు దాటినవారిని సాక్షులుగా విచారించాలంటే వారి ఇంటికే రావాలి, ఠాణాకు రమ్మని ఒత్తిడి చేయకూడదు.

మూడోది పంచనామా. దీని మీద పంచులు సంతకం పెడతారు. ఇక్కడే మన ఊరివాళ్లు ఎక్కువగా ఇరుక్కుంటారు. టీ హోటల్ దగ్గర కూర్చున్నవాణ్ణి పిలిచి రాసిపెట్టిన కాగితం మీద సంతకం పెట్టమంటారు. రేపు "నీ కళ్ల ముందే గొడ్డలి దొరికిందా?" అని కోర్టు అడుగుతుంది. చూడందానికి సంతకం పెట్టొద్దు, చూసినదానికి వెనకాడొద్దు. ఇప్పుడు సోదాను, జప్తును వీడియో తీయాలని 105వ సెక్షన్ చెబుతోంది. ఆ మాట కూడా అడగొచ్చు.

ముద్దాయిగా పట్టుకుపోయినప్పుడు "ఒప్పుకోలు" అని రాయించుకుంటారు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యం కాదు. కానీ దాంట్లో చెప్పినదాన్ని బట్టి ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత వరకు ఆ మాట సాక్ష్యం అవుతుంది. అందుకని దాన్ని తేలికగా తీసుకోవద్దు.

ఇక ఇంటికి వచ్చే కాగితాలు. పాత 41ఏ నోటీసు ఇప్పుడు 35(3) నోటీసు. అది అరెస్టు కాదు, హాజరు కమ్మని చెప్పడం. పోకుండా దాక్కుంటేనే అరెస్టు దాకా వస్తుంది. బైండోవర్ అంటే శిక్ష కాదు, శాంతిగా ఉంటానని రాసిచ్చే పూచీకత్తు. కానీ గడువులోపల గొడవ జరిగిందంటే ఆ డబ్బు కట్టాలి. ఎందుకు బైండోవర్ చేస్తున్నారో రాతపూర్వకంగా ఉత్తర్వు ఉండాలి, అది మనకు చదివి వినిపించాలి. ఎరువుల దుకాణంలో, ఫైనాన్సులో ఇచ్చిన ఖాళీ చెక్కు మీద ఇంగ్లీషులో లాయరు నోటీసు వస్తే బీరువాలో పడేయొద్దు. అందిన రోజు నుంచి 15 రోజులే గడువు. అది దాటితే 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు. ఇంగ్లీషు రాదని 15 రోజులు ఆగవు.

కోర్టులో 'ఆఁ' అనొద్దు

కోర్టు బోనులో మన నోటిని మనమే కాపాడుకోవాలి. మనం మాట్లాడేటప్పుడు అవతలివాళ్లు చెబుతుంటే "ఆఁ... ఆఁ..." అంటుంటాం. వింటున్నానని దానర్థం. కోర్టులో వకీలు "ఆ రోజు నువ్వు పొలం దగ్గర లేవు కదా?" అంటాడు. మనవాడు అలవాటుగా "ఆఁ" అంటాడు. రికార్డులో "ఆ రోజు నేను పొలం వద్ద లేననుట వాస్తవమే" అని పడుతుంది. "లేవు కదా?" అన్నప్పుడు "అవును" అన్నా, "కాదు" అన్నా ఇబ్బందే. పూర్తి మాట చెప్పండి: "నేను ఉన్నాను" లేదా "నేను లేను". చూడకపోతే "చూడలేదు", మరిచిపోతే "గుర్తులేదు". ఈ రెంటికీ "నాకేం తెల్వదు" అనొద్దు. తెలియదు, చూడలేదు, గుర్తులేదు అనేవి మూడు వేరు వేరు జవాబులు.

మనం తెలుగులో చెబితే ఇంగ్లీషులో టైపు చేయిస్తే, దాన్ని మనకు తెలిసిన భాషలో మళ్లీ చెప్పి సరిచూసుకోనివ్వాలి. 313వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. "అయ్యా, ఒకసారి చదివి చెప్పండి" అని జడ్జిగారిని అడగడం అమర్యాద కాదు. తప్పు పడిందని చెబితే సరిచేయొచ్చు, లేదా మన అభ్యంతరాన్ని రాసుకోవాలి.

లోక్ అదాలత్ దగ్గర ఇంకో మోసపు మాట ఉంది. "రాజీ చేసుకో, వెయ్యి కట్టి పో" అంటారు. నిజంగా రాజీ అయితే మంచిదే. అనుమతించిన కేసుల్లో ఫిర్యాది, ముద్దాయి రాజీపడితే అది నిర్దోషిగా విడుదలైనదానితో సమానం. కానీ "నేరం ఒప్పుకుంటున్నావా?" అని అడిగినప్పుడు తల ఊపి జరిమానా కడితే అది రాజీ కాదు, శిక్ష. రేపు కొడుకు పాస్‌పోర్టుకో, నీ ఉద్యోగానికో, ఇంకో కేసులోనో అది బయటికి వస్తుంది. రాజీనా, ఒప్పుకోలా? ఈ ఒక్క ప్రశ్న అడగకుండా డబ్బు కట్టొద్దు.

భాష హక్కు ఎంతవరకు వచ్చింది

భాష గురించి అడిగితే కొందరు నవ్వుతారు. సుప్రీంకోర్టు నవ్వలేదు. 1962లోనే హరికిసన్ కేసులో, ఇంగ్లీషు రాని మనిషికి నిర్బంధ కారణాలు ఇంగ్లీషులో ఇచ్చి, పోలీసు అధికారి నోటితో అనువాదం చెబితే సరిపోదని ఆ నిర్బంధాన్ని కొట్టేసింది. 2025 నవంబరులో ఇంకా ముందుకు పోయింది. ఏ నేరంలోనైనా సరే, అరెస్టు కారణాలను రాతపూర్వకంగా, అరెస్టయిన మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని చెప్పింది. అప్పటికప్పుడు రాసివ్వడం కుదరకపోతే నోటితో చెప్పి, రిమాండ్ కోసం మెజిస్ట్రేటు ముందుకు తేవడానికి కనీసం 2 గంటల ముందు కాగితం చేతికివ్వాలి. ఇది ప్రతి గ్రామ కమిటీ దగ్గర రాసిపెట్టుకోవాల్సిన సంగతి.

హైకోర్టు, సుప్రీంకోర్టుల్లో ఇంగ్లీషే. రాజ్యాంగం 348వ అధికరణం అట్ల చెబుతోంది. కింది కోర్టుల భాష నిర్ణయించే అధికారం మాత్రం రాష్ట్ర ప్రభుత్వానిదే. తెలుగును అధికార భాషగా చేసిన చట్టం 1966లో వచ్చింది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టులో జస్టిస్ నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాక ఒక భూమి వివాదంలో తెలుగులో తీర్పు ఇచ్చారు. భూమి కేసు తీర్పు తెలుగులో రాయడం సాధ్యమేనని దాంతో తేలిపోయింది. హైకోర్టుకు సాధ్యమైంది మండల కోర్టుకు, తహసీల్దారుకు ఎందుకు కాదు? శిక్ష పడ్డ మనిషి తీర్పు కాపీని తన భాషలో అడిగితే, వీలైన మేరకు అనువాదం ఇవ్వాలని 404వ సెక్షన్ ఉంది. అడిగేవాళ్లే లేరు.

తెలుగు అంటే సరిపోదని కూడా గుర్తుంచుకోవాలి. భద్రాచలం వైపు కోయ అక్కకు, ఉట్నూరు వైపు గోండు తమ్మునికి, తండాలో లంబాడీ అవ్వకు ఠాణా తెలుగు మనకు ఇంగ్లీషు ఎట్లనో అట్లనే. పోడు కేసుల్లో వారి వేలిముద్రల పైన కూడా "చదివి వినిపించగా" అనే ఉంటుంది. ఏ భాషలో వినిపించారు? మనకు తెలుగు కావాలని అడిగే నోటితోనే వారికి వారి భాష కావాలని అడగాలి. అట్ల అడగకపోతే మనం కూడా వారి మీద ఇంకో దొర భాష పెట్టినట్టే.

మనం చేయాల్సింది

ఠాణాలో పనిచేసేవాళ్లంతా మనకు శత్రువులని నేను చెప్పడం లేదు. వాళ్లలో రైతు బిడ్డలే ఎక్కువ. పని వత్తిడిలో పాత నమూనా చూసి రాసేస్తారు. మనం అడగం కాబట్టి వాళ్లు చదవరు. అడగడం అలవాటైతే చదవడం కూడా అలవాటవుతుంది.

మూడు పనులు ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, ప్రతి గ్రామ కమిటీలో ఇద్దరిని, ఒక మగవారిని, ఒక ఆడవారిని, 'కాగితం చదివేవారు'గా పెట్టాలి. చదువుకున్న యువకులు, కోడళ్లు ఊళ్లలో ఉన్నారు. రాత్రయినా పగలైనా పిలిస్తే ఠాణాకు వెంట రావాలి. రెండు, ఆ ఇద్దరి దగ్గర నాలుగు నమూనాలు తెలుగులో ఉండాలి: రైతు ఆత్మహత్య ఫిర్యాదు, నకిలీ విత్తనాల ఫిర్యాదు, ధర్నా సమాచారం, ఎస్పీకి రాసే ఉత్తరం. నమూనా అంటే ఖాళీలు పూరించే కాగితం కాదు, ఏయే సంగతులు మరవకూడదో చెప్పే జాబితా. మూడు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థతో మాట్లాడి మండలానికొక శిబిరం పెట్టించాలి. ఆడవారికి, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి, తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 చట్టం ఉంది. ఫోను నంబరు 15100. రాసుకోండి.

చివరిగా ఒక్క మాట. కాగితం చదవకుండా "సంతకం పెట్టు" అన్నప్పుడు కోప్పడొద్దు, కేకలు వేయొద్దు. ఆ కేకలకు కూడా ఒక సెక్షన్ దొరుకుతుంది. మెల్లగా, చేతులు కట్టుకోకుండా, కళ్లలోకి చూసి "చదివి వినిపించండి సార్, విని పెడతాను" అనండి. వినిపించకపోతే సంతకం పైన మీ చేతిరాతతో "నాకు చదివి వినిపించలేదు" అని తెలుగులో రాసి అప్పుడు పెట్టండి. విత్తనం సంచి మీద చీటీ చదవకుండా కొనొద్దని మనమే ఊరూరా చెబుతున్నాం. విత్తనం చెడితే ఒక కారు పోతుంది. కాగితం చెడితే పిల్లల కాలం దాకా పోదు.

ఉంటాను. ప్రశ్నలుంటే భోజనాల తర్వాత మాట్లాడుకుందాం.